ఉప్పు తగలని కల్వం

"ఈ కల్వంల ఎల్లిగడ్డ కారం ఎవరు నూరిండ్రు?"

మా అత్త బాలనాగమ్మ వంటింటి గడప దగ్గర నిలబడి అడిగింది. ఇంట్లో కారం నూరేదాన్ని నేనొక్కదాన్నే కనుక ఆ ప్రశ్నకు జవాబు అక్కర్లేదు. అయినా చెప్పాను.

"కరెంటు పోయింది అత్తమ్మా. మిక్సీ నడువలే. అర్చన బడికి పోవాలె, రొట్టెలకు ఏదో ఒకటి గావాలె గద."

"రోలు లేదా?"

"రెండు ఎల్లిపాయలకు రోలు కడుగుకుంట కూసోవాల్నా?"

"ఉప్పు తగిలినంక అది కల్వం ఎట్లయితది? మూకుడైతది. ఎన్నిమాట్ల చెప్పిన నీకు! బీయే చదివినంటివి, గింత మాట యాదుండదా?"

"బీయెస్సీ అవ్వా," అని జడ వేసుకుంటున్న నా కూతురు అర్చన లోపలి నుంచి అందించింది.

"ఏదో ఒకటి. చదువుకుంటె చెవులు మూసుకపోతయా?"

ముందుగదిలో మంచం మీద పడుకున్న మా ఆయన చంద్రశేఖర్ నవ్వాడు. "ఉప్పు కోసం కొట్లాడేది ఉప్పు తినెటోళ్లే. నాకైతే మీ ఇద్దరి వంట ఒక్కతీరే ఉంటది, చప్పగ."

అత్త కల్వాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు నడుముకు ఆనించుకుని పెరట్లోకి పోయింది. అది నల్లరాతి కల్వం, మందు నూరడానికే చేయించింది, మా మామ వాళ్ల తాతల నాటిది. దాన్ని బూడిదతో తోమింది, చింతపండుతో తోమింది, మళ్లీ బూడిదతో తోమింది. లేచి వచ్చాక ఆమె పాదాల మీద చెప్పుల పట్టీ నొక్కిన గీతలు చాలాసేపు అలాగే ఉండిపోవడం గమనించాను. శివరాత్రి పోయి ఎండలు ముదురుతున్న రోజులు. ఎండకు వాచాయనుకున్నాను.

చంద్రశేఖర్ పెబ్బేరు బడిలో లెక్కల సారు. నలభై ఇంకా నిండలేదు. ఏడాది కిందట అతని రెండు కిడ్నీలూ పనిచేయడం మానేశాయి. షుగరు లేదు, బీపీ లేదు, రాళ్లు లేవు. ఎందుకు పోయాయో కర్నూలు డాక్టర్లకు అంతుబట్టలేదు. ఏమైనా మందులు వాడేవారా అని వాళ్లు అడిగితే, "మా ఇంట్ల మందుల అలవాటే లేదు సారూ" అని మా అత్త గొప్పగా చెప్పింది. ఆ మాటే కాగితం మీదికి ఎక్కింది.

అప్పటినుంచి వారానికి రెండుసార్లు మేమిద్దరం కర్నూలు పోతాం. మిషను అతని రక్తం కడుగుతుంది, నేను బయట బెంచీ మీద కూర్చుంటాను. బస్సు బీచుపల్లి వంతెన ఎక్కగానే అతను కిటికీ నుంచి ముఖం తిప్పుకుంటాడు. రోజంతా రెండు గ్లాసుల నీళ్లతో సరిపెట్టుకునే మనిషికి కృష్ణను చూడటం కష్టం. ఆ రెండు గ్లాసులూ నేనే కొలిచి పెడతాను. కూరగాయలు ఉడికించి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ వండుతాను. ఉప్పు డబ్బాను అతనికి కనబడని గూట్లో పెట్టాను.

మిగిలిన ఆశ ఒక్కటే, ఎవరైనా ఒక కిడ్నీ ఇవ్వడం. నా రక్తం గ్రూపు కలవలేదు. అతనికి తోడబుట్టినవాళ్లు లేరు. మా అత్తది కలిసింది. ఆ రోజు ఆమె, "కన్ననాడు ఒక పానమిచ్చిన, ఇప్పుడింకొక ముక్క ఇస్త. నాదేం బోతది?" అంది. ఏడాదిలో మొదటిసారి ఇంట్లో టీవీ పెట్టుకున్నాం. హైదరాబాదులో ఒక పెద్దాసుపత్రిలో ఆమెకు పరీక్షలన్నీ చేశారు. సోమవారం పోయి ఫలితం వినాలి. ఆ సోమవారం కోసమే అందరం బతుకుతున్నాం.

అంతవరకైనా ఆదివారాల పని ఆపమని అత్తకు చెప్పాను. "మందిచ్చే చెయ్యి ఆగితే మనకే మంచిగ గాదు" అంది.

వనపర్తిలో పెబ్బేరు రోడ్డు మీద మా ఇల్లు ఎక్కడని అడిగితే ఎవరూ నెంబరు చెప్పరు, "నాగమ్మ మందిచ్చే ఇల్లు" అంటారు. ఆదివారం పొద్దున గద్వాల నుంచి, నాగర్‌కర్నూల్ నుంచి, అచ్చంపేట నుంచి కూడా మనుషులు వచ్చి మా వాకిట్లో కూర్చుంటారు. ఆమె ఇచ్చేవాటిలో చాలావాటికి దాపరికం లేదు. దగ్గుకు అడ్డసరం కషాయం, ఒంటి నొప్పులకు వావిలాకు కాచిన నీళ్లు. రెండేళ్ల కిందట చికెన్ గున్యా వచ్చి ఊళ్లకు ఊళ్లు మంచం పట్టినప్పుడు మా పెరట్లో వావిలాకు కాగులు పొయ్యి దిగలేదు. ఇద్దరు పట్టుకుంటే గానీ లేవలేని వాళ్లు ఆ నీళ్లు పోసుకుని తమంతట తాము నడిచిపోవడం నేను చూశాను. చూసినదాన్ని కాదనలేను.

దాపరికమంతా ఒక్క ఆకు దగ్గరే. దానికి పేరు చెప్పరు. ఇంట్లో కూడా "ఆకు" అంటారు, అంతే. అత్త చీకటితో పోయి తెచ్చుకుని, తలుపు వేసుకుని మిరియాలతో నూరి, శనగగింజంత గోలీలు కడుతుంది. పిల్లల కడుపులో పురుగులకు, మానని పుండ్లకు, గజ్జికి ఇస్తుంది. పేరు బయటపెడితే ఆకు చచ్చిపోతుందట, అంటే గుణం పోతుందట. కల్వానికి ఉప్పు తగిలినా అంతేనట. ఇచ్చే మనిషి అదే ముద్దలోంచి గోరంత గిల్లి, తీసుకునేవాళ్ల కళ్లముందు తాను ముందు మింగాలి. ఈ ఒక్క కట్టుబాటు నాకు నచ్చేది. తాను మింగి చూపించి మందిచ్చే డాక్టరును నేనెక్కడా చూడలేదు.

ఇంకొకటి ఉంది. తర్వాత ఆకు పట్టవలసిన మగపిల్లవాడు రోజూ పరగడుపున ఒక గోలీ మింగాలి. ఆకు అతని ఒంటిని గుర్తుపట్టాలట. మామ పోయేనాటికి చంద్రశేఖర్ మరీ చిన్నవాడు. అతను ఎదిగేదాకా అని కల్వం అత్త చేతికి వచ్చింది, అతను సారయ్యాక కూడా ఆమె దగ్గరే ఉండిపోయింది. పదో తరగతిలో అతను గోలీ మొదలుపెట్టాడు. చిన్నప్పటి నుంచి పిక్కల మీద రసి కారుతున్న గజ్జి ఆ ఏడాదే మాడిపోయిందట. చికెన్ గున్యా తర్వాత కీళ్లు పట్టేస్తే పొద్దున ఒకటి, మాపున ఒకటి వేసుకున్నాడు. కిడ్నీలు పోయాక ఇంకా శ్రద్ధగా వేసుకుంటున్నాడు. అన్నం తినడం, నీళ్లు తాగడం లాంటిదే అది. ఎవరైనా అడిగితే చెప్పాలని కూడా తోచదు.

అర్చనకు కూడా నేర్పమని ఒకసారి అత్తను అడిగాను. "ఆడపిల్ల. రేపు ఇంకో ఇంటికి పోతది. ఆకు ఇల్లు దాటొద్దు" అంది. అది విని వారం రోజులు ఆమెతో ముభావంగా ఉన్నాను.

సోమవారం డాక్టరు గదిలో ముగ్గురం కూర్చున్నాం. డాక్టరమ్మ కాగితాలు తిప్పుతోంది. నా వైపు చూసింది, చంద్రశేఖర్ వైపు చూసింది, మా అత్త వైపు మాత్రం చూడలేదు.

"బాలనాగమ్మగారూ, మీరు ఇవ్వడానికి కుదరదమ్మా."

"ఎందుకమ్మా? ముసల్దాన్ననా? ఎన్నడు జరమొచ్చి పండినదాన్ని గాదు నేను."

"మీ కిడ్నీలు కూడా చిన్నబడిపోయాయి. మీ అబ్బాయివి ఎలా పోయాయో అలాగే. కొంచెం వెనక ఉన్నాయి, అంతే."

అత్త నా వైపు తిరిగింది, ఆ మాటలను నేను వేరేలా చెబుతానేమో అన్నట్టు.

"మరి నాకేం అయితలేదు గద?"

"చాలావరకు పోయేదాకా ఏమీ తెలియదమ్మా. కాళ్లు వాస్తున్నాయా?"

అత్త చీర కుచ్చెళ్లు పాదాల మీదికి లాక్కుంది. డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది.

"తల్లికీ కొడుక్కీ ఒకే తీరుగా పోయాయి. మీరిద్దరూ తిని, ఈ కోడలు తిననిది ఏమైనా ఉందా ఇంట్లో?"

చంద్రశేఖర్ తల వంచుకున్నాడు. పిల్లలకు లెక్కలు చెప్పే మనిషి. జవాబు అతనికి అందరికంటే ముందే వచ్చేసింది. అత్త మాత్రం ధీమాగా కొంగు ముడి విప్పింది. ముందురోజు వాకిట్లో పంచగా మిగిలిన గోలీలు అందులో ఉన్నాయి.

"గిదొక్కటే అమ్మా. గిది మందు గాదు. ఆకు."

"ఏం ఆకు?"

"పేరు చెప్పరాదు."

"చెప్పకపోతే నాకెలా తెలుస్తుందమ్మా?"

"చెప్తె సచ్చిపోతది."

నాకు ఆ పేరు తెలుసు. కాపురానికి వచ్చిన కొత్తలోనే మూసిన తలుపు వెనక నుంచి వచ్చిన వాసనతో తెలిసింది. గద్వాలలో డిగ్రీ చదివేటప్పుడు వృక్షశాస్త్రం ప్రాక్టికల్ కోసం నల్లరేగడి చేల గట్ల మీద ఏరిన మొక్కల్లో అదొకటి. నేలబారున పాకే తీగ, బూడిదరంగు కలిసిన ఆకు, గొట్టంలాంటి ముదురు ఊదారంగు పువ్వు, కడుపులో తిప్పే వాసన. పత్రం ఆకారం ఏమిటంటే మూత్రపిండాకారం అని రాశాను. మార్కు వేశారు. అది మనిషిని ఏం చేస్తుందో పుస్తకంలో లేదు, చెప్పిన మేడంకీ తెలియదు.

"గాడిదగడపాకు," అన్నాను.

"ఉమా!" అత్త గొంతు గది బయటికి వినబడింది. "పేరు చెప్పినవా? ఆకును సంపినవ్ గదనే!"

డాక్టరమ్మ ఒక గోలీని వాసన చూసి, కాగితంలో చుట్టి పక్కన పెట్టింది. ఈ జాతి మొక్కల్లో ఒక విషం ఉందని, అది కిడ్నీలను లోపలి నుంచి కొంచెం కొంచెంగా గట్టిపరుస్తుందని, కొన్ని దేశాల్లో వీటిని మందుల్లో వాడకుండా నిషేధించారని చెప్పింది. ఒకటి రెండుసార్లు మింగినవాళ్లలో చాలామందికి ఏమీ కాకపోవచ్చు, ఏళ్ల తరబడి మింగినవాళ్ల సంగతి వేరు అంది. పాడైనది మళ్లీ బాగుపడదని కూడా చెప్పింది.

"మరి పిల్లల కడుపుల పురుగులు పడ్డయి గదమ్మా?" అత్త అడిగింది. "వీని గజ్జి పోయింది గద? నేను అబద్ధం చెప్తున్ననా?"

"లేదమ్మా. పనిచేసింది. పనిచేయకపోతే ఎప్పుడో మానేసేవాళ్లు."

"నేను ముందుగాల నోట్లె ఏసుకున్నంకనే ఇచ్చిన. ఒక్క ఆదివారం గూడ తప్పలే. నాకు మంచిగుంటెనే ఇచ్చిన గద తల్లీ."

డాక్టరమ్మ కలం తీసుకుని, అత్తను నెలనెలా చూపించాలని ఒక కాగితం రాసి నా చేతికిచ్చింది.

తిరుగు బస్సు జడ్చర్ల దాటింది. ఆ తర్వాత అత్త కొడుకును మోచేత్తో కదిలించింది.

"అయితె నేనే పోసిననన్నట్టు నీ నోట్ల."

"నువ్వెందుకు పోస్తివి? తాత చెప్పిండు, నువ్వు చేసినవ్. తాతకు ఆయన తాత చెప్పిండు."

"ఆళ్లు మంచిగనే బతికిండ్రు గద."

"ఎవరు సూసొచ్చిండ్రమ్మా? నాయిన ఎట్ల పోయిండు?"

అత్త కిటికీ కడ్డీ పట్టుకుంది. మా మామను నేను చూడలేదు గానీ ఆ కథ ఇంట్లో అందరికీ తెలుసు. ముఖం వాచి, కాళ్లు వాచి, ఒంటినిండా నీరు పట్టి పోయాడు. ఎవరో చేతబడి చేశారని అప్పుడు అనుకున్నారు. పక్కచేను వాళ్లతో ఆ అనుమానం మీద పుట్టిన పగ ఇప్పటికీ ఉంది. ఆ ఇంటివాళ్లు పెళ్లికి పిలిస్తే మేం పోము.

మరుసటి రోజు అర్చన రక్తం పరీక్ష చేయించాను. చిన్నప్పుడు పురుగులకని ఒకటి రెండు గోలీలు దానికీ పడ్డాయి. అంతా బాగానే ఉందన్నారు. ఆ ఏడాది మా ఇంట్లో విన్న మంచిమాట అదొక్కటే. ఆడపిల్లని పక్కన పెట్టినందుకు అది మిగిలింది. అత్తమీద వారం రోజులు ముభావంగా ఉన్న సంగతి గుర్తొచ్చి, రిపోర్టును రెండుసార్లు మడిచి పర్సులో పెట్టుకున్నాను.

శనివారం సాయంత్రం అత్త గూట్లోంచి ఉప్పు డబ్బా దించింది. కల్వంలో గుప్పెడు రాళ్లుప్పు పోసి, కాళ్లు చాపుకుని కూర్చుని, మెత్తగా నూరింది. ఆకు నూరినంత సేపూ నూరింది. ఆ పిండిని పెరట్లో పారబోసి, కల్వాన్ని తెచ్చి నా పొయ్యి పక్కన పెట్టింది.

"తీస్కో. ఏం నూరుకుంటవో నూరుకో ఇగ."

నేను దాన్ని ముట్టుకోలేదు. తర్వాత ఎప్పుడో అర్చన అందులో ఎల్లిగడ్డ కారం నూరింది.

ఆదివారం వాకిలి నిండింది. నాగర్‌కర్నూల్ బస్టాండు దగ్గర సైకిళ్ల పంచరు దుకాణం నడిపే ఖాజా మియా తన మనవరాలు సాదియాను ఎత్తుకుని వచ్చాడు. అతని కొడుకు అఫ్జల్ చిన్నప్పుడు ఎండిపోయి చావుకు దగ్గరైతే అత్త ఆకే నిలబెట్టింది. గద్వాల దగ్గరి పల్లె నుంచి కాలి పుండుతో జమ్ములమ్మ వచ్చింది. ఇంకా చాలామంది ఉన్నారు. అత్త అరుగు మీద నిలబడింది. ఎప్పుడూ కూర్చుని మాట్లాడే మనిషి.

"నేను ఆకు ఇయ్య. ఇది నా కొడుకు కిడ్నీలు తిన్నది. నావి గూడ తిన్నది. నా పెనిమిటిని గూడ ఇదే తిన్నదేమో. మీరెవ్వరు ఇగ దీన్ని నోట్లె పెట్టుకోవద్దు."

వాకిట్లో అందరూ ఒకేసారి అందుకున్నారు.

"దిష్టి దాకిందమ్మ నీకు."

"డాక్టర్లు గట్లనే అంటరు. ఆళ్ల దుకాణం నడువాలె గద!"

"ఎక్కువ మింగితె అన్నం గూడ అరగది. మేం ఒక్కపూటకు అడుగుతున్నం, ఇయ్యరాదె?"

"నీ చేతి గుణం పోయిందా ఏంది నాగమ్మా? కొడుకు బాధల ఉన్నవ్, పోనీ వచ్చే ఆదివారం వస్తం."

అత్త చెయ్యెత్తింది. ఆమె ఏం చేయబోతోందో నాకు అప్పుడు అర్థమైంది గానీ ఆపడానికి నేను తలుపు దాటేలోపే అయిపోయింది.

"ఇనుండ్రి. దాని పేరు గాడిదగడపాకు. అందరి ముందల చెప్పిన. ఇగ దానికి గుణం లేదు. సచ్చిపోయింది."

జమ్ములమ్మ నవ్వింది.

"గాడిదగడపాకా! ఓ యమ్మా, మా పత్తిచేను గట్టు నిండ గదే గద! ఇన్నేండ్లు బస్సులల్ల కుక్కుకొని వస్తిమి, ఇంటెనక పెట్టుకొని!"

"మా కాడ గూడ మస్తున్నది."

"మిరియాలెన్ని ఎయ్యాలె నాగమ్మా? గది జర చెప్పరాదు."

అత్త చెవులకు అవేవీ ఎక్కలేదు. చేయవలసిన పని చేసేసిన మనిషిలా అరుగు దిగి లోపలికి పోయింది. వాకిలి ఖాళీ అయింది. కొందరు దారిలోనే గట్ల వెంట వంగి వెతుక్కుంటూ పోవడం నేను చూశాను. ఆ పేరును ఇన్ని తరాలు దాచబట్టి ఆ ఆకు ఒక్క వాకిలితో ఆగింది. పేరు చంపుతుందని ఆమె నమ్మింది. పేరే దానికి కాళ్లిచ్చింది.

ఖాజా మియా ఒక్కడే మిగిలాడు. సాదియా అతని భుజం మీద నిద్రపోయింది.

"బిడ్డా, మా అఫ్జల్ చిన్నప్పుడు మస్తు మింగిండు. పరేషాన్ గావాల్నా నేను?"

"ఒక్కసారి దవాఖానల చూపియ్యి చాచా. రక్తం పరీక్ష చేస్తరు. సాదియాకు పురుగుల గోలీ అక్కడ్నే ఇస్తరు, మంచిది."

"చూపిస్త. పాడైనయని చెప్తె మల్ల ఏం జేస్తరు?"

అతను జవాబు కోసం ఆగకుండా సాదియాను రెండో భుజం మీదికి మార్చుకున్నాడు. "ఆమె లేకుంటె అఫ్జలే లేకుండె. ఆమెనేమనకుండ్రి" అని చెప్పి పోయాడు.

లోపల చంద్రశేఖర్ అంతా విన్నాడు. నన్ను దగ్గరికి పిలిచి, "అమ్మకు చెప్పకు. ఆకు సచ్చిపోయిందనే అనుకోనీ" అన్నాడు.

ఆ తర్వాతి రెండో శనివారం కర్నూలు నుంచి వస్తుంటే పెబ్బేరులో సంత. రోడ్డు మీద ఎద్దులు అడ్డం వచ్చి మా బస్సు ఆగిపోయింది. మిషను దిగిన రోజుల్లో అతనికి తల నిలబడదు, నా భుజం మీద వాలి ఉన్నాడు. కిటికీ కింద గోనెసంచి పరుచుకుని ఒక ముసలామె కుప్పలు కుప్పలుగా ఆకు అమ్ముతోంది. బూడిదరంగు కలిసిన ఆకు. వాసన బస్సులోకి వస్తోంది.

"నాగమ్మాకు! వనపర్తి నాగమ్మాకు! పురుగులకు, పుండ్లకు, నొప్పులకు! కొడుకుకు గూడ గిదే పెట్టింది, తీస్కపోండ్రి!"

అతను కళ్లు తెరిచాడు. ఎద్దులు కదిలి, బస్సు కదిలి, ఆ గొంతు వినబడకుండా పోయేదాకా తెరిచే ఉంచాడు.

ఆ సాయంత్రం నలుగురం కింద కూర్చున్నాం. జొన్నరొట్టెలు, నీళ్లు పారబోసి వండిన సొరకాయ కూర. ఇప్పుడు చప్పటి పళ్లేలు రెండు, కొడుకుది, తల్లిది. అర్చన కంచం పక్కన ఎల్లిగడ్డ కారం గిన్నె ఉంది. అది దాన్ని మూత వేసి తన వెనకగా పెట్టుకుంది, నాన్న చూడకూడదని.

"ఎవ్వరు వస్తలేరు ఆకు కోసం," అంది అత్త రొట్టె తుంచుతూ. ఆమె ముఖం రెండు వారాల్లో పొంగిన పిండిలా అయింది. "పేరు చెప్పి మంచిపని చేసిన. దానితోటి ఇగ ఎవ్వరికి ఏం గాదు."

చంద్రశేఖర్ నా వైపు చూశాడు. నేను కూర వడ్డించాను.

"అత్తమ్మా, బుధవారం మీరు గూడ మాతోటి కర్నూలు రావాలె. మిమ్మల్ని నెలనెల చూడాలని హైదరాబాదు డాక్టరమ్మ రాసిచ్చింది. ఇప్పుడే మందులు మొదలుపెడితె మిషను దాకా పోయేది కొన్నేండ్లన్న ఆగుతదంట."

"నేను రాను."

"గట్లంటె ఎట్ల?"

"నా కొడుకు పండే మంచం పక్కన నేను పండుతనా? నాకు సిగ్గు లేదా? ఆడు బతుకాలె అని పోతిని, నాకు మందులు రాసిచ్చిండ్రు! నా మందులు నాకొద్దు. నేను పోతె పోత."

"అవ్వా, గట్ల అనకు," అంది అర్చన.

"నువ్వు తిను బిడ్డా. పెద్దోళ్ల మాటల్ల దూరకు."

చంద్రశేఖర్ కంచం కొంచెం ముందుకు జరిపాడు. క్లాసులో లెక్క చెప్పడం మొదలుపెట్టేముందు సుద్దముక్క చేతిలో తిప్పినట్టు రొట్టె ముక్కను వేళ్ల మధ్య తిప్పాడు.

"అయితె ఇనమ్మా. బుధవారం నేను పోను. ఆ తర్వాత గూడ పోను."

అత్త నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది.

"కోపంతోటి అంటలేను. ఏడాది సంది చూస్తున్న. నాది ఊట ఎండిన బాయి. ఎన్ని దినాలు మోటారు పెట్టి గుంజినా పైకొచ్చేది గాలే. నీ బాయిల ఇంకా జరంత నీళ్లున్నయి. ఉమ ఒక్కతే. ఇద్దర్ని చెరో భుజాన ఏసుకొని ఇది ఎన్ని బస్సులెక్కుతది? అర్చనకు వచ్చే ఏడు పదో తరగతి. నాకు ఇయ్యాలని పోతివి గద నువ్వు, కుదరలే. ఇది నాకు కుదురుతది. నా వంతు నీకు ఇస్తున్న."

"శేఖరా..."

"లెక్క అయిపోయిందమ్మా. బుధవారం నువ్వు పోతున్నవ్. ఉమా, తోల్కపో."

అతను ఎడమచేతిని కూతురి వైపు చాచాడు.

"వెనక దాసినవ్ గద, ఎల్లిగడ్డ కారం. ఇటియ్యి బిడ్డా, జరంత ఏసుకుంట."

అర్చన గిన్నెను రెండు చేతులతో పట్టుకుని నా ముఖం వైపు చూసింది.